చెడ్డ ఏడాది లెక్క: ఆండీస్ కొండల్లో బంగాళాదుంప సేద్యం

పెరూ దేశపు కుస్కో, పూనో ప్రాంతాల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగాళాదుంపలు తవ్వే కాలం. సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, చెట్టన్నది కనబడని కొండవాలులో, ఇంటిల్లిపాదీ ఇరుగుపొరుగును కలుపుకొని పొట్టి పిడి పారలతో బోదెలు విప్పుతుంటారు. ఒకే బోదె కింద నుంచి ఊదా తొక్కది ఒకటి, ఎర్రది ఒకటి, కోస్తే లోపల కూడా రంగు పారినది ఇంకొకటి, వేలిలా వంకర తిరిగింది, ఒళ్లంతా బుడిపెలున్నది, అన్నీ కలగలిసి బయటపడతాయి. ఇవి పొరపాటున కలిసిపోయినవి కావు. నాటేటప్పుడే కావాలని కలిపి నాటారు. ఇలా కలిపి నాటిన మడిని అక్కడివాళ్ల కెచువా భాషలో చక్రు అంటారు. ఒక్కో ఇంటివాళ్ల దగ్గర పదుల కొద్దీ రకాలుంటాయి, కొన్ని ఇళ్లలో వంద దాటతాయి.

ఈ సరుకును మన మార్కెట్ యార్డుకు తెస్తే కొనేవాళ్లు దొరకరు. సైజుకు సైజు కలవదు, అన్నీ ఒకేసారి ఉడకవు. దిగుబడీ తక్కువే, హెక్టారుకు పది టన్నులు దాటడం కష్టం. పంజాబ్, గుజరాత్ రైతులు అంతకు రెండు మూడు రెట్లు తీస్తారు. ఈ ఒక్క అంకె చూసి ఆండీస్ సేద్యం వెనకబడినదని తేల్చేసిన వ్యవసాయ నిపుణులు ఒకప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు చూసింది మంచి ఏడాది దిగుబడిని. ఆ కొండ మీది కుటుంబం లెక్క వేసుకునేది చెడ్డ ఏడాదికి. ఎంత పాడు కాలమొచ్చినా పొయ్యి ఆరకూడదు, అంతే. విత్తనం కలపడం నుంచి చుక్కల్ని చూడడం దాకా ఆ సేద్యంలోని ప్రతి పనీ ఈ లెక్కలోంచే పుట్టింది. వాటిని ఒక్కొక్కటిగా శాస్త్రవేత్తలు పరీక్షకు పెడుతున్నకొద్దీ చాలావరకు నిలబడుతూ వస్తున్నాయి.

బంగాళాదుంప పుట్టిల్లు ఆ ప్రాంతమే. పెరూ, బొలీవియా దేశాల మధ్య ఉన్న టిటికాకా సరస్సు 3,812 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని చుట్టుపక్కల కొండల్లో మనిషి అడవి గడ్డను మచ్చిక చేసుకోవడం కనీసం ఏడు వేల ఏళ్ల కిందటి మాట. 2005లో డేవిడ్ స్పూనర్ బృందం సాగు రకాల డీఎన్ఏను అడవి జాతుల డీఎన్ఏతో పోల్చి చూసింది. ప్రపంచమంతా తినే బంగాళాదుంపల మూలం దక్షిణ పెరూలో ఒకే చోట కలుస్తుందని తేల్చింది. అంత ఎత్తున వాతావరణం కనికరం లేనిది. పగలు ఎండ తొక్క మాడుస్తుంది, రాత్రి చలి సున్నా కిందికి దిగుతుంది. పైరు ఏపుగా ఎదిగే నెలల్లో కూడా ఒక్క రాత్రి మంచు దెబ్బకు ఆకంతా నల్లబడిపోవచ్చు. వడగళ్లు పడవచ్చు. వాన మొదలై మధ్యలో మొహం చాటేయవచ్చు.

అయితే ఈ దెబ్బలు అన్ని చోట్లా ఒకేసారి తగలవు. చల్లని గాలి బరువైనది కనక రాత్రిపూట వాలు మీంచి జారి పల్లంలో నిలుస్తుంది. పల్లపు మడి మాడిపోయిన రాత్రే నూరు అడుగుల ఎత్తున ఉన్న మడి క్షేమంగా ఉంటుంది. వడగళ్ల మేఘం ఒక వాలును చితక్కొట్టి పక్క వాలును వదిలేస్తుంది. అందుకే అక్కడ ఒక కుటుంబం భూమి ఒకచోట ఉండదు. వేరువేరు ఎత్తుల్లో, వేరువేరు వాలుల్లో చిన్న చిన్న చెక్కలుగా చెదిరి ఉంటుంది. కమతాలను ఒకచోటికి చేర్చితే శ్రమ కలిసొస్తుందని మనమూ దశాబ్దాలుగా వింటున్నాం. పూనో ప్రాంతంలోని కుయో కుయోలో కరోల్ గోలండ్ అనే పరిశోధకురాలు ఇంటింటి పొలాలనూ దిగుబడులనూ లెక్క కట్టి 1993లో ప్రచురించారు. నడకకూ మోతకూ పోయే శ్రమ వల్ల సగటున కాస్త నష్టం ఉన్నమాట నిజమే. కానీ పొలం చెదిరి ఉన్నప్పుడు, ఇంటి తిండికి చాలనంత తక్కువ పండే ఏడాది వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఆ కాస్త నష్టాన్ని బీమాకు కట్టే కిస్తు అనుకుంటే సరిపోతుంది.

మడిలోపల రకాలు కలపడానికీ కారణం ఇదే. ఒక రకం చలికి ఓర్చుకుంటుంది, ఒకటి నీటి ఎద్దడికి, ఒకటి ఆకుమాడు తెగులుకు. తెగులు ఒక మొక్క నుంచి పక్క మొక్కకు పాకాలంటే పక్కది కూడా లొంగే రకమై ఉండాలి. మధ్యలో లొంగని మొక్కలుంటే దాని వేగం తగ్గుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఐర్లండ్‌లో తేలింది. దక్షిణ అమెరికా నుంచి యూరప్ చేరింది ఆ అపార వైవిధ్యంలో పిడికెడంత మాత్రమే. ఐర్లండ్ పేదలు అందులోనూ ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకం మీద బతికారు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలికీ జబ్బులకూ చనిపోయారు, అంతకు మించి దేశం విడిచి వెళ్లారు. పంట పోవడం ప్రకృతి పని. అంత కరవులోనూ ఓడలకెత్తి ధాన్యం ఎగుమతి చేయడం మనుషుల పని.

ఇంకో రక్షణ నేలలో ఉంది. ఆండీస్ ఊళ్లలో ఊరి భూమినంతా కొన్ని భాగాలుగా విడగొట్టి, ఏ భాగంలో ఏ ఏడాది ఏం వేయాలో ఊరంతా కలిసి నిర్ణయిస్తారు. బీడు విరిచిన మొదటి ఏడాది బంగాళాదుంప. మరుసటి ఏడాది ఓకా, ఉల్లుకు, మాషువా లాంటి అక్కడి వేరే దుంపలు. తర్వాత బార్లీ, కినోవా, పప్పుజాతి పైర్లు. ఆపైన నాలుగైదేళ్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ కాలం, ఆ భాగమంతా బీడుగా వదిలేసి గొర్రెలనూ లామాలనూ మేపుతారు. వాటి పెంటికలతో నేలకు బలమొస్తుంది. అంతకన్నా పెద్ద లాభం కంటికి కనబడదు. బంగాళాదుంప వేళ్లను పీల్చే ఒక రకం నులిపురుగు గట్టి తిత్తుల్లో గుడ్లు దాచి నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. బంగాళాదుంప వేరు నుంచి ఊరే రసాయనాలు తగిలినప్పుడు ఆ గుడ్లు పెద్ద ఎత్తున పొదుగుతాయి. వేరు తగలని ఏళ్లలో అవి ఏటా కొన్ని చొప్పున చచ్చిపోతూ ఉంటాయి. అయిదేళ్లో ఏడేళ్లో గడిచాక మళ్లీ దుంప వేసేసరికి మిగిలేవి కొద్దే. ఈ పురుగును చూడాలంటే భూతద్దం కావాలి. అది లేని రోజుల్లోనే దానికి విరుగుడు కుదిరింది. ఊరిలో ఒక్కరు కట్టు తప్పి వరసగా దుంప వేసినా పక్కవాళ్లకు ముప్పు కనక, ఈ నియమాన్ని ఎవరి ఇష్టానికి వాళ్లను వదలకుండా ఊరు మొత్తం కాపాడుకుంటుంది.

బీడు విరిచేది చకితక్ల్యా అనే కాలి నాగలితో. నిలువెత్తు కర్ర, కింద ఇనుప కర్రు, పాదం మోపడానికి అడ్డపుల్ల. ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన నిలబడి పాదంతో దిగగొట్టి పెళ్లను లేపితే, ఎదురుగా ఉన్న ఆడమనిషి చేత్తో దాన్ని తిరగేస్తుంది. ఎద్దులూ ట్రాక్టరూ నిలవలేని వాలులో ఇదొక్కటే పని చేస్తుంది, మట్టీ ఎక్కువగా కోసుకుపోదు. ఒకరి చేలో ఒకరు బదులు పని చేసుకుంటారు. దాన్ని ఐని అంటారు.

పూర్వీకులు చేసిన ప్రతి పనీ ఈనాడు మళ్లీ పనికొస్తుందని మాత్రం నేననను. టిటికాకా చుట్టూ పల్లపు నేలల్లో ‘వారు వారు’ అనే ఎత్తుమడుల ఆనవాళ్లు వేల హెక్టార్లలో ఉన్నాయి. మడికీ మడికీ మధ్య వెడల్పాటి కాలువ ఉంటుంది. పగలు కాలువ నీరు ఎండ వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది, పైరుకు మంచు దెబ్బ తగ్గుతుంది. 1980లలో క్లార్క్ ఎరిక్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడి రైతులతో కలిసి వాటిని తిరిగి కట్టించి పండించి చూపారు, దిగుబడి బాగా వచ్చింది. ఎన్నో సంస్థలు ముందుకొచ్చి డబ్బు పెట్టాయి. ఆ డబ్బు ఆగాక చాలా మడులు మళ్లీ బీడుపడ్డాయి. కాలువలు పూడిక తీసి నిలబెట్టుకోవడానికి కావలసినంత మంది ఇప్పుడు ఆ ఇళ్లలో లేరు.

చుక్కల సంగతి చెప్పాలి. జూన్ 24 సెయింట్ జాన్ పండుగ. ఆ రోజుల్లో పెరూ, బొలీవియా కొండ ఊళ్ల రైతులు తెల్లవారుజామున గట్టు ఎక్కి తూర్పు దిక్కున ఒక చుక్కల గుంపు కోసం చూస్తారు. అవి మన కృత్తికలే, పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే చుక్కలే. అవి పెద్దగా, కాంతిగా, ఎక్కువ సంఖ్యలో కనబడితే వానలు బాగా పడతాయి, మామూలు వేళకే నాటవచ్చు. మసకగా కనబడితే వానలు ఆలస్యమవుతాయి, తక్కువ పడతాయి. అప్పుడు నాట్లను నాలుగు నుంచి ఆరు వారాలు వెనక్కి జరుపుతారు. బంగాళాదుంప వేళ్లు లోతుకు పోవు, మొదట్లో నీరందకపోతే ఆ పైరు తేరుకోదు. ఈ చూపు కనీసం 400 ఏళ్లుగా సాగుతున్నట్టు రాతల్లో ఆధారం ఉంది.

అక్టోబరు వాన సంగతి జూన్‌లో చుక్కలకెలా తెలుస్తుంది? బెన్ ఓర్లవ్ అనే మానవ శాస్త్రవేత్త, జాన్ చియాంగ్, మార్క్ కేన్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి ఉపగ్రహాల సమాచారం తిరగేసి 2000లో నేచర్ పత్రికలో జవాబు ప్రచురించారు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో, జూన్ నాటికే ఆండీస్ మీద చాలా ఎత్తున పలచని మంచుతునకల మేఘాలు పెరుగుతాయి. కంటికి మేఘంలా కనబడనంత పలచన. కానీ కృత్తికల్లోని చిన్న చుక్కల వెలుగును మింగేయడానికి అది చాలు. ఆ ఎల్ నినోయే కొన్ని నెలల తర్వాత అక్కడి వానలను తగ్గిస్తుంది. మసక చుక్కలు, తగ్గిన వాన, రెండింటికీ కారణం ఒకటే. రైతుకు ఆ కారణం పేరు తెలియదు. దాని జాడ తెలుసు. అదీ నాట్ల నిర్ణయం తీసుకోవడానికి సరిపడా ముందుగానే.

తెలుగు రైతులకు ఈ కథలో రెండు ముళ్లు పడతాయి. ఎల్ నినో మన నైరుతి రుతుపవనాలను కూడా చాలాసార్లు బలహీనపరుస్తుంది. టిటికాకా రైతు నాట్లు వెనక్కి జరిపిన ఏడాదుల్లో అనంతపురం, మహబూబ్‌నగర్ రైతులు ఆకాశం వైపు చూసిన సందర్భాలున్నాయి. రెండోది కార్తెల సంగతి. మన కార్తె సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టి వస్తుంది. మే రెండో వారంలో కృత్తిక కార్తె మొదలయ్యేసరికి ఆ చుక్కలు సూర్యుడి వెలుగులో మునిగి కనబడవు. జూన్‌లో తెల్లవారకముందు మళ్లీ పొడుస్తాయి. ఆండీస్ రైతులు గట్టెక్కి చూసేది ఆ కొత్త పొడుపునే. కార్తెలు ఏటా అవే తేదీలకు వస్తాయి, కాలమెలా మారుతుందో చెప్పగలవు. ఈ ఏడాది ఎలా ఉండబోతుందో చెప్పాలంటే ఏటేటా మారేదాన్ని చూడాలి. చుక్క మెరుపును చూడడంలోని గొప్పదనం అదే.

ఇక 4,000 మీటర్లు దాటాక మామూలు బంగాళాదుంప నిలవదు. అక్కడ పండేవి చేదు దుంపలు. ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీల దాకా పడినా ఇవి తట్టుకుంటాయి. వాటిలో ఒక ముఖ్య జాతి పుట్టుక చిత్రమైనది. మామూలు సాగు దుంపలో క్రోమోజోములు నాలుగు వరసల లెక్కన 48. పాతకాలపు సాగు జాతుల్లో ఒకటి 24 క్రోమోజోములది. అది చలికి ఓర్చే ఒక అడవి జాతితో దానంతటదే సంకరమై 36 క్రోమోజోముల మొక్క పుట్టింది. మూడు వరసల క్రోమోజోములు సమంగా పంచుకోలేవు కనక దానికి మొలకెత్తే గింజ ఏర్పడదు. గడ్డను దాచి, మళ్లీ నాటే మనిషి ఉంటేనే దానికి వంశం. ఏనాడో ఒక రైతు కంటబడిన ఆ మొక్కే ముక్కలు ముక్కలుగా చేతులు మారుతూ ఇవాళ్టి దాకా బతికి ఉంది.

చలికి ఓర్చుకున్నా దాంట్లో చేదు ఉంది. ఆ చేదు గ్లైకోఆల్కలాయిడ్ అనే విషపదార్థాలది. ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంపను మన ఇళ్లలో పారేయడం వీటి భయంతోనే. ఇవి ఉడికిస్తే పోవు. వంద గ్రాముల దుంపలో 20 మిల్లీగ్రాములు మించితే తినడానికి పనికిరాదని ఆహార శాస్త్రం పెట్టుకున్న హద్దు. చేదు దుంపలు దాన్ని దాటేస్తాయి. అక్కడివాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయాలు రెండు. ఒకటి, చాకో అనే మెత్తటి బంకమట్టిని నీళ్లలో కలిపి పులుసులా చేసి, దాంట్లో దుంప అద్దుకుని తినడం. టిమోతీ జాన్స్ అనే పరిశోధకుడు 1986లో ఆ మట్టిని పరీక్షించి, అది ఈ విషాన్ని తనకు అంటించుకుని కడుపుకు అందకుండా చేస్తుందని చూపారు. గడ్డలు ఇంకా బాగా చేదుగా ఉన్న తొలి రోజుల్లో మనిషి వాటిని తినగలగడానికి ఈ మట్టే తోడ్పడి ఉంటుందని ఆయన ఊహ.

రెండో ఉపాయం చూన్యో. నాకైతే మనిషి తిండి చరిత్రలో ఇంతకు మించిన ఉపాయం ఇంకొకటి తట్టదు. జూన్, జులై అక్కడ నడి శీతాకాలం. పగలు ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాత్రి నీరు గడ్డకడుతుంది. తవ్విన చేదు దుంపలను చదునైన గడ్డి నేల మీద ఒక పొరగా పరుస్తారు. రాత్రి దుంపలోని నీరు మంచుగా మారి వ్యాకోచించి, కణాల గోడలను చీల్చేస్తుంది. పగటి ఎండకు అది కరిగితే దుంప మెత్తబడి నీరూరుతుంది. ఇలా కొన్ని రాత్రులు గడిచాక కుప్పలుగా పోసి, ఇంట్లో ఆడా మగా పిల్లా మేకా వట్టి కాళ్లతో తొక్కుతారు. చీలిన కణాల్లోంచి నీరు బయటికొస్తుంది. నీటితోపాటు విషమూ పోతుంది, తొక్కా ఊడుతుంది. మిగిలినదాన్ని ఎండకు వదిలేస్తే, గాలి పలచగా పొడిగా ఉండే ఆ ఎత్తులో చెమ్మ త్వరగా ఎగిరిపోతుంది. తెల్ల చూన్యో కావాలంటే తొక్కడానికి ముందు దుంపల్ని గడ్డి పరిచిన గుంటల్లో, పారే ఏటి నీటిలో మూడు నాలుగు వారాలు నానబెడతారు. అప్పుడు చేదు ఇంకా బాగా కడుక్కుపోతుంది.

చివరికి మిగిలేది మొదటి బరువులో సుమారు అయిదో వంతు. గులకరాయిలా గట్టిగా, తేలిగ్గా ఉంటుంది. పురుగు పట్టదు, మొలకెత్తదు, బూజు రాదు. చెమ్మ తగలకుండా ఉంచితే పదేళ్లయినా నిలుస్తుంది. కావలసినప్పుడు నానబెట్టి ఉడికించుకోవడమే. అదే మామూలు దుంపను నిలవ చేయాలంటే చీకటి కొట్లో, మూన్యా అనే ఘాటు వాసన గల ఆకు పొరల మధ్య పేర్చాలి. ఆ ఆకు ముక్కుపురుగును దూరం పెడుతుంది, మొలకను ఆలస్యం చేస్తుంది. అయినా మరుసటి పంట వచ్చేదాకా నిలవడమే గొప్ప. చూన్యో ఉన్న ఇంటికి ఒక పంట పోయినా, రెండు పోయినా తిండి ఉంటుంది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ కొండలను ఏలిన ఇంకాల సామ్రాజ్యం రాతి గాదెల్లో దీన్ని నింపి సైన్యాలను నడిపింది. ఆ తర్వాత స్పెయిన్ పాలకులు బొలీవియాలోని పొటోసి వెండి గనుల్లోకి తోలిన కూలీలు బతికింది చాలావరకు దీని మీదే. దాన్ని అక్కడికి మోయించి అమ్మి ధనవంతులై తిరిగి వెళ్లిన స్పెయిన్ వాళ్లున్నారని సియెసా దె లియోన్ అనే చరిత్రకారుడు 16వ శతాబ్దంలోనే రాశాడు. పైరును చంపే చలినే పంటను దాచే సాధనంగా మలిచిన కుటుంబాల తెలివి, వాళ్లను గనుల్లోకి దింపడానికి పనికొచ్చింది. చూన్యోను పొగిడేటప్పుడు ఇది మరవకూడదు.

విత్తనం విషయంలో మన దగ్గరి చిక్కు, వాళ్ల చిక్కు ఒకటే. గడ్డ నుంచి గడ్డ పుట్టించుకుంటూ పోతే వైరస్ తెగుళ్లు కూడా వాటిలో తరతరానికీ పేరుకుంటాయి. వైరస్‌ను మోసేది పేనుబంక, అది చలి ఎత్తుల్లో తక్కువ. అందుకే ఆండీస్ రైతులు పై ఊళ్ల నుంచి విత్తనం గడ్డను కిందికి తెచ్చుకుంటారు. జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డ వేసే రైతులు ఆగ్రా వైపు నుంచి విత్తనం తెప్పించుకోవడంలో కూడా ఇదే సూత్రం ఉంది. మన ఎండాకాలంలో గడ్డను విత్తనంగా నిలవ ఉంచడం కష్టం, పైగా రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే మొక్క ఆకు పెంచుతుంది కానీ గడ్డ ఊరదు. అందుకే మనకది చలికాలపు పంట. అదే జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లు వానాధార చెలకల్లో జొన్న, కంది, పెసర, కొర్రలు కలిపి విత్తుతారు. చక్రు మడిని వాళ్లు చూస్తే వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

కుస్కో ప్రాంతంలోని పిసాక్ దగ్గర కొన్ని కెచువా ఊళ్లు కలిసి, సుమారు 9,000 హెక్టార్ల తమ ఉమ్మడి భూమిని బంగాళాదుంపల పార్కుగా నడుపుతున్నాయి. పెరూ రాజధాని లీమాలో 1971లో మొదలైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం దగ్గర 4,000కు పైగా స్థానిక రకాలున్నాయి. వాటిలో చాలా మటుకు ఇలాంటి ఊళ్ల నుంచి పోగు చేసినవే. ఆ రకాల్లో కొన్ని ఊళ్లలో కాలక్రమంలో కనుమరుగయ్యాయి. 2004లో పార్కు వాళ్లు ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుని, 410 రకాలను వైరస్ వదిలించిన గడ్డలుగా తిరిగి తెచ్చుకున్నారు. సేకరించిన సంస్థ, ఇచ్చిన ఊరికే విత్తనం తిరిగి ఇవ్వడం ప్రపంచంలో అరుదు. ఇది అన్ని విత్తన నిధులకూ నియమం కావాలని నేను గట్టిగా అనుకుంటాను.

2015లో అదే ఊళ్ల విత్తనం ఉత్తర ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్‌లో ఉన్న విత్తన ఖజానాకు కూడా చేరింది. అయితే అక్కడ దాచేది గడ్డలను కాదు, పూత తర్వాత కాసే కాయల్లోంచి తీసిన గింజలను. బంగాళాదుంప గింజ ఒక్కోటీ ఒక కొత్త మొక్క, తల్లి పోలిక అచ్చంగా రాదు. జన్యువులు దక్కుతాయి, రకం దక్కదు. గింజే కట్టని చేదు దుంపకు ఆ ఖజానాలో చోటే లేదు. అది బతకాలంటే లీమాలో గాజు గొట్టాల్లో పెంచే చిన్న మొక్కలుగా ఉండాలి, లేదా 4,000 మీటర్ల ఎత్తున ఏటా ఎవరో ఒకరు నాటాలి. ఆ ఎత్తుల్లో ఇప్పుడు వేడి పెరుగుతోంది. ఆకుమాడు తెగులు, ముక్కుపురుగు పైకి ఎగబాకుతున్నాయి. పార్కు రైతులు తమ తాతలు నాటిన ఎత్తుకన్నా పైకి మడులను జరుపుకున్నారు. చూన్యోకు కావలసిన గడ్డకట్టే రాత్రులు ఎప్పుడొస్తాయో నమ్మకంగా చెప్పలేని పరిస్థితి. తిరిగొచ్చిన రకాలను వేరువేరు ఎత్తుల్లో వేసి ఏది ఎక్కడ నిలుస్తుందో వాళ్లు ఏటా రాసుకుంటున్నారు. శాస్త్రవేత్తలూ పక్కన నిలబడి కొలుస్తున్నారు. పైకి జరగడానికి ఇంకా ఎంత వాలు మిగిలి ఉందన్నది ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంది. కొన్ని ఊళ్లకు పైన మిగిలింది రాయి మాత్రమే.